తలుపు లేని కార్ఖానా

ఆఫీసు అక్కర్లేదు. హాజరుపట్టీ అక్కర్లేదు. చేసినంత పనికే డబ్బు. పనిముట్టు ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి. గిరాకీ ఉన్నరోజు పని ఉంటుంది, లేనిరోజు ఉండదు. వ్యాపార సదస్సుల్లో కొన్నేళ్లుగా దీన్ని ‘రేపటి పని తీరు’ అని పరిచయం చేస్తున్నారు. చార్మినార్‌కు తూర్పున తలాబ్‌కట్టలోనో భవానీనగర్‌లోనో యాకుత్‌పురాలోనో ఏ గడప దగ్గర ఆగి అడిగినా, ఇది మా నాయనమ్మల కాలం నుంచీ ఉన్నదేనని చెబుతారు. పాతబస్తీ ఏ దుస్థితి నుంచి బయటపడాలని తరాలుగా ఎదురుచూస్తోందో, ఆ దుస్థితినే కొత్త వ్యాపార నాయకత్వం పేరుతో దేశమంతటా పరుస్తున్నారు. మా అభియోగం ఇదే.

లక్క గాజు సంగతి చూడండి. చార్మినార్ నుంచి పడమటికి సాగే లాడ్ బజార్‌లో దీపాల కింద మెరిసే ఆ గాజుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అందరం సంతోషించాం, సంతోషించాల్సిందే. ఆ గాజు పుట్టే తీరు మాత్రం దుకాణం అద్దాల వెనక కనపడదు. బొగ్గుల పొయ్యి మీద లక్కను మెత్తబరచి, సాగదీసి, పట్టీగా చేసి, గుండ్రంగా వంచి అతుకుతారు. వెచ్చదనం ఆరకముందే రాళ్లు ఒక్కొక్కటిగా అద్దాలి. చల్లారితే రాయి నిలవదు, తొందరపడితే వేలు కాలుతుంది. ఈ పని ఇరుకు గదుల కార్ఖానాల్లో జరుగుతుంది, ఇళ్లలో ఆడవాళ్ల చేతుల్లోనూ జరుగుతుంది. వంట అయ్యాక, పిల్లలు బడికి వెళ్లాక, మళ్లీ వాళ్లు పడుకున్నాక, కిటికీ పక్కనో బల్బు కిందో కూర్చుని చేసే పని. మజూరీ లెక్క జతల మీద, డజన్ల మీద. ఆమెకు సెలవు లేదు, ఎందుకంటే ఆమె ఉద్యోగి కాదు. కళ్లు మసకబారితే పరిహారం లేదు, ఎందుకంటే ఆమె ఇల్లు ఫ్యాక్టరీ కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే చోట 10 మంది, కరెంటు లేని చోట 20 మంది ఉంటేనే అటువైపు చూసేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ ఆ గీతను 20కి, 40కి జరిపింది. అంతవరకు ఫ్యాక్టరీలుగా చట్టం చూపుకు అందిన చిన్న కార్ఖానాలు కూడా ఒక్క రోజులో ఆ లెక్కలోంచి జారిపోయాయి.

చట్టం చూడని చోట ఏం జరుగుతుందో పాతబస్తీకి తెలుసు. 2015 జనవరి చివర్లో దక్షిణ మండలం పోలీసులు ఈ గల్లీల్లోనే ఇల్లిల్లూ సోదా చేసి, గాజుల పనిలో మగ్గుతున్న 200 మందికి పైగా పిల్లలను బయటికి తెచ్చారు. ఎక్కువమంది బీహార్ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. ఆ వార్త చదివి నగరం ఉలిక్కిపడింది. ఇలాంటి చోట బాధ్యత ఎవరిదని అడిగితే దుకాణదారు కార్ఖానాదారును చూపిస్తాడు, కార్ఖానాదారు పిల్లలను తెచ్చిన దళారీని చూపిస్తాడు, దళారీ కన్నవాళ్ల పేదరికాన్ని చూపిస్తాడు. లాభం మెట్లెక్కి పైకి పోతుంది, తప్పు మెట్లు దిగి కిందికి వస్తుంది. ఈ మెట్ల కట్టడమే మన కాలపు అతిపెద్ద కంపెనీలకు నమూనా అయింది.

గాజులకు రాళ్లు అద్దే ఇంట్లో ఇరవై దాటిన కొడుకు ఉంటే, ఇవాళ అతను గాజుల పనిలోకి వెళ్లడం లేదు. కిస్తీల మీద బండి కొని, పెట్రోలు పోసుకుని, వీపుకు పెట్టె తగిలించుకుని షాలిబండలోనో సంతోష్‌నగర్‌లోనో హోటళ్ల ముందు నిలబడుతున్నాడు. ఫోను తెర మీద ఆర్డర్ పడే దాకా చూపు తిప్పడు. ఒక్కో ఆర్డర్‌కూ ఇంతని లెక్క, ఇన్ని దాటితే ఇన్సెంటివ్. ఆ రేటు కార్డు ఏ ఉదయం మారుతుందో, ఎందుకు మారుతుందో ఎవరూ చెప్పరు. తల్లికి డజన్ల లెక్క, కొడుక్కి ఆర్డర్ల లెక్క. తల్లి పొయ్యి తనదే, కొడుకు బండి తనదే. ఇద్దరిలో ఎవరికీ పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, జబ్బు చేస్తే జీతంతో సెలవు లేదు. ఒక ఇంటి రెండు తరాల మధ్య ఈ దేశపు పారిశ్రామిక ప్రగతి ఇంత దూరమే నడిచింది.

ఒక్క తేడా ఉంది, అది చిన్నది కాదు. తల్లికి పని ఇచ్చే సేఠ్‌కు ఒక తలుపు ఉంది. అతను మంచివాడని మేం అనడం లేదు. అడ్వాన్సు ఇచ్చి మనిషిని కట్టేసుకున్న సేఠ్‌లు, డజనుకు రూపాయి పెంచమంటే వారం పని ఆపేసిన సేఠ్‌లు ఉన్నారు. అయినా రాత్రి పిల్లవాడికి జ్వరం వస్తే ఆ తలుపు తట్టవచ్చు. రంజాన్ నెలలో ఆ గుమ్మం ముందు నిలబడి పండుగ ఖర్చు అడగవచ్చు. మజూరీ తగ్గిస్తే నలుగురు ఆడవాళ్లు కలిసి వెళ్లి నిలదీయవచ్చు. అతను కళ్లు దించుకుని ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు, ఎందుకంటే అతనూ అదే మసీదుకో అదే గుడికో రేపు వెళ్లాలి, అదే గల్లీలో నడవాలి. కొడుకు యజమానికి ముఖం లేదు. ఒకరోజు లాగిన్ కాబోతే ఐడీ బ్లాక్ అయినట్టు తెర మీద కనిపిస్తుంది. ఏ కస్టమర్ ఏ ఫిర్యాదు చేశాడో తెలియదు. టీమ్ లీడర్‌కు ఫోన్ చేస్తే తన చేతుల్లో లేదంటాడు. యాప్‌లో సహాయం అన్న మీట నొక్కితే ముందే రాసిపెట్టిన సమాధానం వస్తుంది. బండి కిస్తీ మాత్రం తేదీకి వస్తుంది. తట్టడానికి తలుపే లేకుండా చేసిన కార్ఖానా ఇది, దాన్ని కట్టినవాళ్లను మనం నాయకులని కొలుస్తున్నాం.

ఈ యువకుణ్ని కంపెనీలు ‘పార్ట్‌నర్’ అని పిలుస్తాయి. భాగస్వామి. ఈ మాట మీద తెలుగు పాఠకులకు ఒక సంగతి గుర్తు చేయాలి. మన పల్లెల్లో పాలుకు చేసే రైతు ఉంటాడు. భూమి అతనిది కాదు, చెమట అతనిది. ఆ ఒప్పందంలో అన్యాయం ఎంత ఉందో మన సాహిత్యమంతా చెప్పింది. అయినా కల్లంలో రాశి కొలిచేటప్పుడు అతను అక్కడే నిలబడి ఉంటాడు. ఎంత పండిందో, ఆసామి వాటా ఎంతో, తనకు ఎంత మిగిలిందో కళ్లతో చూస్తాడు. కొలత తప్పితే చెయ్యి పట్టుకుని ఆపుతాడు. ఈ కొత్త భాగస్వామికి రాశి కనిపించదు. వినియోగదారు ఎంత కట్టాడు, హోటల్ దగ్గర కంపెనీ ఎంత పట్టుకుంది, తనకు పడిన ముప్పై రూపాయలు ఏ లెక్కన పడ్డాయి, ఏదీ చూపరు. నష్టంలో, ప్రమాదంలో, పెట్రోలు ధరలో అతను పూర్తి భాగస్వామి. లెక్క దగ్గర పరాయివాడు.

2025 డిసెంబరు 25న, 31న డెలివరీ కార్మికులు దేశవ్యాప్త సమ్మెకు దిగారు. ఆ పిలుపు ఇచ్చినవాళ్లలో మన తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ ముందు వరసలో ఉంది. దాన్ని నడిపే షేక్ సలావుద్దీన్ ఏళ్లుగా ఈ నగరం నుంచే గొంతెత్తుతున్నారు. 31వ తేదీ మర్నాడు జొమాటో, బ్లింకిట్‌ల మాతృసంస్థ ఎటర్నల్‌కు అప్పటి అధిపతి దీపిందర్ గోయల్, సమ్మె ప్రభావం ఏమీ లేదని, ఆ ఒక్క రోజే 75 లక్షలకు పైగా ఆర్డర్లు చేర్చామని ప్రకటించారు. సమ్మె చేసినవాళ్లు ఏం అడిగారో దానికన్నా, సమ్మె విఫలమైందని చెప్పడమే ఆయనకు ముఖ్యమైంది. తర్వాత ఆయనే కొన్ని లెక్కలు బయటపెట్టారు. అందుకు అభినందించాలి, దాచుకున్న కంపెనీలు చాలా ఉన్నాయి. జొమాటోలో 2025లో సగటు సంపాదన గంటకు 102 రూపాయలట, టిప్పులు కాకుండా. రోజుకు 10 గంటల చొప్పున నెలకు 26 రోజులు చేస్తే 26,500 రూపాయలు వస్తాయి, పెట్రోలు, బండి ఖర్చుల కింద 20 శాతం పోతే 21,000 మిగులుతాయి అన్నారు.

ఆ లెక్కను కాసేపు నమ్మి చూద్దాం. 10 గంటలు, 26 రోజులంటే నెలకు 260 గంటలు. వారానికి 60. ఈ దేశంలో కార్మికుడి వారం 48 గంటలని చట్టం చెప్పి 75 ఏళ్లు దాటింది. ఆ చట్టం ప్రకారం 8 గంటలే పనిచేస్తే అదే 102 రూపాయల మీద నెలకు 21,216. అందులో 20 శాతం ఖర్చు పోగా చేతికి వచ్చేది 17,000కు ఓ ఇరవై ఏడు రూపాయలు తక్కువ. అందులోంచే బండి కిస్తీ, ఇంటి అద్దె, తల్లి కళ్లజోడు. మనిషి బతకాలంటే చట్టం వద్దన్న గంటలు కూడా పనిచేయాలని కంపెనీ లెక్కే ఒప్పుకుంటోంది. జొమాటోలో సగటు మనిషి ఏడాదికి 38 రోజులే పనిచేస్తాడని, చాలామందికి ఇది తాత్కాలికమని కూడా ఆయన అన్నారు. రెండు నెలలు చేసి తట్టుకోలేక మానేసినవాణ్ని, ఇదే బతుకుగా ఏళ్ల తరబడి చేస్తున్నవాణ్ని కలిపి సగటు తీస్తే ఇద్దరూ మాయమవుతారు. ఏ కార్ఖానాలోనైనా మనుషులు వచ్చినంత వేగంగా వెళ్లిపోతుంటే, ముందుగా తనిఖీ చేయాల్సింది ఆ కార్ఖానానే.

పది నిమిషాల సంగతి ఇంకా స్పష్టమైంది. పది నిమిషాల్లో సరుకు తలుపు దగ్గర ఉండాలన్న ప్రచారం మీద కార్మికులు మొత్తుకున్నప్పుడల్లా, వేగం రైడర్ మీద లేదు, దగ్గర్లో గోదాము ఉండడం మీద ఉంది అని కంపెనీలు జవాబిచ్చాయి. 2026 జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి కంపెనీలను కూర్చోబెట్టి మాట్లాడాక బ్లింకిట్ ఆ ‘పది నిమిషాల’ మాటను ప్రచారంలోంచి తీసేసింది. ఒక్క సమావేశంతో తీసేయగలిగిన మాట కోసం ఇన్నాళ్లు ఎన్ని బండ్లు ఎర్ర లైటు దాటాయి? వాన నీళ్లలో, మూసీ వంతెనల మీద ఎంతమంది జారిపడ్డారు? ఆ లెక్క ఏ కంపెనీ ప్రకటనలోనూ రాలేదు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఆర్డర్ ఇవ్వడానికి వెళ్లిన 23 ఏళ్ల యువకుడు, మీదికి దూకిన పెంపుడు కుక్కను తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. అతను పడిన చోటు అతని కార్యస్థలం. కానీ దానికి ఆ పేరు పెట్టే చట్టం అప్పుడు లేదు.

హైదరాబాద్‌కు నాయకుల గురించి గొప్పగా చెప్పుకునే అలవాటు ఉంది. మైక్రోసాఫ్ట్‌ను నడిపే సత్య నాదెళ్ల మనవాడని, బేగంపేట బడిలో చదివాడని ప్రతి తల్లీ పిల్లలకు చెబుతుంది. చెప్పుకోవచ్చు, అందులో తప్పు లేదు. ఇదే నగరంలో ఇంకో రకం నాయకత్వం పుట్టింది, దాన్ని మాత్రం మరచిపోయాం. మూసీ ఒడ్డున సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన మఖ్దూమ్ మొహియుద్దీన్ ఆ ఉద్యోగం వదులుకుని కార్మికుల బస్తీల్లో తిరిగాడు. 1946లో అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడితే దానికి ముందు నిలబడ్డాడు. ఆల్విన్ కంపెనీలో ఆరణాల కూలీగా మొదలైన టంగుటూరి అంజయ్య కార్మిక నాయకుడై, 1980లో ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నాడు. కింద పనిచేసేవాడి పేరు తెలిసి ఉండడం, అతని తరఫున జవాబుదారీగా ఉండడం వాళ్లకు నాయకత్వం. ఇవాళ వ్యాపార నాయకత్వం నుంచి మనకు వినపడుతున్నది గంటల లెక్క. ఇన్ఫోసిస్ నారాయణమూర్తి 2023 అక్టోబరులో వారానికి 70 గంటలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ నోట 90 గంటల మాట వచ్చింది. షాలిబండ కుర్రాడు ఇప్పటికే 60 గంటలు రోడ్డు మీద ఉన్నాడు. అతన్ని ఎవరూ పొగడలేదు.

ఆ ఎల్ అండ్ టీ కట్టిన మెట్రో 2017 నవంబరులో హైదరాబాద్‌లో పరుగెత్తడం మొదలుపెట్టింది. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. అక్కడి నుంచి ఫలక్‌నుమాకు మిగిలింది 5.5 కిలోమీటర్లు. నగరమంతా మెట్రో ఎక్కినా, మొదటి దశలోనే ఉన్న ఈ ముక్క మాత్రం కాగితం మీదే ఉండిపోయింది. దీనికి కంపెనీ ఒక్కదాన్నే తప్పు పట్టలేం. మార్గం మీద వివాదాలు, ప్రార్థనా స్థలాల మీద అభ్యంతరాలు, వాటిని కూర్చుని తేల్చే ఓపిక లేని ప్రభుత్వాలు, అన్నీ కలిశాయి. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి దీనికి శంకుస్థాపన చేశారు. చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లకు పెంచారు. వ్యాపార నాయకత్వం మీద రాస్తున్న చోట మెట్రో ఎందుకని అనిపించవచ్చు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఈ నగరంలో నెలజీతం ఉద్యోగాలు పడమటికి వెళ్లిపోయాయి. పాతబస్తీ యువతీయువకులు వాటిని అందుకోవాలంటే రెండు బస్సులు, గంటన్నర. డిగ్రీ చదివిన అమ్మాయిని చీకటి పడ్డాక అంత దూరం నుంచి రావడానికి ఇంట్లో ఒప్పుకోరు. అబ్బాయి ఎలాగూ బండి కొంటాడు, కొన్న బండిని యాప్‌కు తగిలిస్తాడు. దారి వేయని ప్రభుత్వం కూడా ఆ యాప్‌కు మనుషులను పంపినట్టే.

2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పనిచేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంచాం, దాటితే ఓవర్‌టైం ఇవ్వాలి అన్నది. వ్యాపార సౌలభ్యం కోసమట. రోజు గంటలు పెంచడానికి ఒక్క ఉత్తర్వు చాలింది. ఆ గంటల్లో పనిచేసే మనిషికి రక్షణ ఇవ్వడానికి ఎన్నేళ్లు పట్టిందో చూడండి. 2023 డిసెంబరు 23న నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో యాప్‌ల కింద పనిచేసే గిగ్ కార్మికులతో ముఖ్యమంత్రి కూర్చుని మాట్లాడారు. అధికారంలోకి వచ్చిన నెలలోపే అలా కూర్చోవడం మెచ్చదగ్గది. వారం తిరిగేసరికి 5 లక్షల ప్రమాద బీమా ఉత్తర్వు వచ్చింది. చట్టం ముసాయిదా జనం ముందుకు వచ్చింది మాత్రం 2025 ఏప్రిల్ 14న. మంత్రివర్గం ఆమోదించింది నవంబరులో. నాంపల్లి నుంచి మంత్రివర్గం బల్ల దాకా దాదాపు రెండేళ్లు. రాజస్థాన్ అప్పటికే 2023లో చట్టం చేసింది, ఈలోగా కర్ణాటక 2025లో చేసింది. గిగ్ కార్మికుల పోరాటానికి ఊపిరి ఇచ్చిన హైదరాబాద్ ఆ రాష్ట్రాల కన్నా వెనకబడింది.

కేంద్రం సంగతి మరీ అన్యాయం. 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్‌ను అమలు చేయడానికి 2025 నవంబరు దాకా ఆగింది. నీతి ఆయోగ్ 2022 నివేదికే ఇలాంటి కార్మికులు 77 లక్షలని, 2029-30కల్లా 2.35 కోట్లు అవుతారని లెక్కగట్టింది. ఇంతమందిని ఆ కోడ్ నిర్వచించిన తీరు చదివితే బాధ కలుగుతుంది. సంప్రదాయ యజమాని, ఉద్యోగి సంబంధానికి వెలుపల పనిచేసేవాడే గిగ్ కార్మికుడట. కంపెనీల వాదనను చట్టమే తన నోటితో చెప్పింది. వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం నిధికి కట్టాలంది, అదీ కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించకుండా. నిధి ఉండాలి, కాదనం. నిధి నుంచి వచ్చేది సహాయం. సెలవు, కనీస వేతనం, కారణం చెప్పకుండా తీసేయకూడదన్న హామీ, ఇవి హక్కులు. హక్కు అడిగినవాడి చేతిలో సహాయం పెట్టి పంపడం మన దేశంలో కొత్త కాదు.

ఇది కొత్త పని, పాత చట్టాలకు అందదు అనే వాదనకు జవాబు మన న్యాయస్థానాల్లోనే ఉంది. అదీ మన ఊరి పని గురించే. తెలంగాణ ప్రాంతపు దుకాణాలు, సంస్థల చట్టం కింద పుట్టి ఢిల్లీ దాకా వెళ్లిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో సుప్రీంకోర్టు 1973లో తీర్పు చెప్పింది. ఆ దర్జీలకు నెలజీతం లేదు, కుట్టిన బట్టకే కూలి. రోజంతా ఉండాలన్న నియమం లేదు. పని లేకపోతే వెళ్లిపోవచ్చు. బట్ట ఇంటికి తీసుకెళ్లి కుట్టవచ్చు, ఇంకో దుకాణానికీ కుట్టవచ్చు. వీళ్లు స్వతంత్రులు, మా ఉద్యోగులు కారు అని దుకాణదారులు వాదించారు. ఎలా కుట్టాలో చెప్పేది ఎవరు, నచ్చకపోతే విప్పి మళ్లీ కుట్టమనేది ఎవరు అని న్యాయస్థానం చూసింది. ఆ అధికారం దుకాణదారుడి చేతిలో ఉంది, మిషన్లు అతనివి, కాబట్టి దర్జీలు అతని ఉద్యోగులేనని తేల్చింది. పత్తర్‌గట్టిలో షేర్వానీ కుట్టే మనిషికి 1973లో అర్థమైన న్యాయం ఇది. బండి రైడర్‌దే కావచ్చు, కానీ బండిని ఏ దారిన నడపాలో, ఎన్ని నిమిషాల్లో నడపాలో చెప్పేది యాప్. రేటింగ్ తగ్గితే ఆర్డర్లు తగ్గించేది యాప్. విప్పి మళ్లీ కుట్టమనే అధికారం కన్నా ఇది వెయ్యి రెట్లు పెద్దది.

దానికి ముందే, 1966లో, పార్లమెంటు బీడీ కార్మికుల చట్టం చేసింది. ఆకు, తంబాకు ఇంటికి తెచ్చుకుని వేల లెక్కన బీడీలు చుట్టే ఆడవాళ్లను కూడా ఉద్యోగులుగా గుర్తించింది. నిజామాబాద్, కామారెడ్డి, సిరిసిల్ల ఊళ్లలో మన అమ్మమ్మలు చుట్టిన బీడీలే అవి. ఇల్లే కార్యస్థలమని, ముక్కల లెక్కన కూలి అయినా అది ఉద్యోగమేనని ఈ దేశం అరవై ఏళ్ల కిందటే ఒప్పుకుంది. బీడీ కంపెనీలు కోర్టుకు వెళ్లాయి, 1974లో సుప్రీంకోర్టు చట్టం పక్షాన నిలబడింది. ఆ చట్టం సక్రమంగా అమలైందని చెప్పలేం. కానీ కరీంనగర్ పల్లెలో బీడీ చుట్టిన ముసలామె చేతిలో పీఎఫ్ నంబరు ఉంది. తలాబ్‌కట్టలో గాజుకు రాళ్లు అద్దిన ముసలామెకు ఆ నంబరు ఎందుకు లేదు? ఆమె కొడుక్కి, 75 లక్షల ఆర్డర్ల రాత్రి రోడ్డు మీద ఉన్నవాడికి, ఎందుకు లేదు? బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఉబర్ డ్రైవర్లు కార్మికులేనని, యాప్ ఆన్ చేసినప్పటి నుంచి పనివేళ లెక్కలోకి వస్తుందని తీర్పు చెప్పింది. ఆ కంపెనీ అక్కడ కనీస వేతనం, సెలవు జీతం ఇవ్వడానికి దిగి వచ్చింది. అక్కడ ఇస్తే మునిగిపోని కంపెనీలు ఇక్కడ ఇస్తే ఎలా మునిగిపోతాయో ఎవరైనా చెప్పాలి.

పాతబస్తీ ఓట్లతో దశాబ్దాలుగా గెలుస్తున్నవాళ్లను, ఆ ఓట్ల మీద ద్వేషం నూరి మిగతా చోట గెలవాలనుకునేవాళ్లను కూడా ఈ బోనులో నిలబెట్టాలి. భద్రత గురించి, గుర్తింపు గురించి, పేర్ల మార్పు గురించి సభలు జరిగాయి. డజను గాజులకు మజూరీ ఎంత ఉండాలన్న మాట మీద ఎన్నికల సభ జరగడం మేం చూడలేదు. పేదవాడి ఇంట్లో పండుగ ఏదైనా పొయ్యి ఒకటే. లాల్‌దర్వాజా బోనాల రోజున, షాలిబండ ఇఫ్తార్ వేళ, ఒకరి పండుగ పూట ఇంకొకరు ఆర్డర్ మోస్తూనే ఉంటారు. ఒకే యాప్ కింద పనిచేసే ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టగలిగింది సలావుద్దీన్ లాంటివాళ్ల సంఘమే, ఏ పార్టీ కాదు.

ఈ రాష్ట్రపు గిగ్ కార్మికుల చట్టానికి నియమాలు రాసేటప్పుడు కొన్ని విషయాల్లో ప్రభుత్వం వెనక్కి తగ్గడానికి వీల్లేదు. రేటు కార్డు మారేముందు కార్మికుడికి తన భాషలో, తెలుగులోనో ఉర్దూలోనో, కారణంతో సహా తెలియాలి. ప్రతి ఆర్డర్‌కూ వినియోగదారు కట్టింది ఎంతో, అతనికి వచ్చింది ఎంతో అదే తెర మీద పక్కపక్కన కనపడాలి. రాశి కొలిచేటప్పుడు అతను అక్కడ ఉండాలి. నోటీసు, విచారణ లేకుండా ఐడీ బ్లాక్ చేస్తే అది ఉద్యోగంలోంచి తీసేయడమేనని చట్టం రాసుకోవాలి. వడదెబ్బను 2025 ఏప్రిల్‌లో ఈ రాష్ట్రం విపత్తుగా గుర్తించింది, మరణిస్తే 4 లక్షలంది. మనిషి మరణించక ముందే, ఎండ 42 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాల్లో ఆర్డర్ కాదన్నందుకు రేటింగ్ తగ్గించకూడదని ఒక్క వాక్యం చేర్చడానికి ఖర్చేమీ లేదు. గాజుల పని, చమ్కీ పని చేసే ఇంటి ఆడవాళ్లను కూడా ఇదే నమోదులోకి తేవాలి. భౌగోళిక గుర్తింపు గాజుకు వచ్చింది, గాజు చేసిన చేతికి రాలేదు.

ఇక తలుపు సంగతి. కార్మిక శాఖ ప్రధాన కార్యాలయం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర అంజయ్య పేరు పెట్టిన కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంది. ఐడీ బ్లాక్ అయిన కుర్రాడు ఒక పూట సంపాదన వదులుకుని అక్కడికి వెళ్లి, ఎవరిని కలవాలో తెలియక మెట్ల మీద కూర్చునే పరిస్థితి ఉండకూడదు. షాలిబండలో ఒక గది తీసుకోండి, చాంద్రాయణగుట్టలో ఇంకొకటి. ఒక బల్ల, ఒక అధికారి, ఉర్దూ తెలుగు రెండూ చదివే ఒక గుమాస్తా. ప్రతి యాప్ కంపెనీ తన మనిషిని, నిర్ణయం మార్చే అధికారం ఉన్న మనిషిని, వారానికి రెండు రోజులు అక్కడ కూర్చోబెట్టాలని నియమాల్లో రాయండి. గాజుల మజూరీ ఎగ్గొట్టిన కార్ఖానాదారును పిలిపించే బల్ల కూడా అదే కావాలి. రాత్రి పదకొండు దాకా తెరిచి ఉంచండి, ఎందుకంటే ఏడు నుంచి పది దాకా ఆర్డర్లు ఎక్కువగా పడే వేళ. ఆ వేళ వదులుకుని ఫిర్యాదు చేయడానికి వచ్చే స్తోమత ఆ బండి మీద ఉన్న ఎవరికీ లేదు.